పైన పటారం... లోన తుప్పు!

కొనేముందు

సోమవారం యూరియా బస్తాలు. మంగళవారం ఊళ్లో ఎవరో ఇల్లు కడుతుంటే ఇటుకలు, ఇనుప చువ్వలు. బుధవారం పత్తి మూటలు. గురువారం మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకి. శుక్రవారం డ్రిప్పు పైపులు. శనివారం పెళ్లివారి వంటసామాను, షామియానా గుంజలు. ఆదివారం పురుగుమందు డబ్బాలు, పక్కనే ఇంటికి కావలసిన కూరగాయలు!

నాదెండ్ల మండలంలో పికప్ బండి ఉన్న ఇంటికి వెళ్లి 'ఈ వారం ఏం తోలారు?' అని అడిగితే జాబితా కాస్త అటూ ఇటూగా ఇలాగే ఉంటుంది. ఒకవైపు మిరప, పత్తి చేలు. మరోవైపు గణపవరం స్పిన్నింగు మిల్లులు. పక్కనే చిలకలూరిపేట, నరసరావుపేట. ఎద్దుబండి చేసిన పనులన్నీ ఇప్పుడు నాలుగు చక్రాల చిన్నబండి చేస్తోంది. 2005లో టాటా ఏస్ వచ్చాక చిన్నబండ్ల జోరు పెరిగింది. బొలెరో పికప్పులు, దోస్తులు ఇప్పుడు ఊరూరా కనిపిస్తాయి.

బండి కొనేటప్పుడు అందరూ ఇంజను చూస్తారు. మైలేజీ అడుగుతారు. టైర్లు తన్ని చూస్తారు. వాయిదా ఎంతో రెండుసార్లు లెక్క వేసుకుంటారు. కానీ రోజూ దెబ్బలు తినేది, తడిసేది, ఎండేది, డబ్బు సంపాదించి పెట్టేది వెనకున్న తొట్టి. దాని గురించి అడిగేవాళ్లు తక్కువ. ఆ తొట్టికి రక్షణగా వేయించే 'స్ప్రే లైనర్' గురించే ఈ వారం.

'ఏరా అబ్బాయ్, కొత్త బండికి మళ్లీ రంగేందిరా?' అని నాన్న. 'రంగు కాదు నాన్నా, లైనర్. వేయిస్తే తుప్పు రాదంట' అని కొడుకు. ఇలాంటి మాట మీ ఇంట్లోనూ నడుస్తుంటే ఒక సంగతి ముందే చెప్పుకుందాం. ఇద్దరి మాటలోనూ సగం సగం నిజం ఉంది. అది రంగు కాదు. అలాగని తుప్పుకి మందూ కాదు!

అసలేమిటిది?

అమెరికాలో పికప్ అంటే సరుకుల బండి మాత్రమే కాదు, ఇంటిబండి కూడా. ముందు కుటుంబం, వెనక సామాను. తొట్టి గీతలు పడకుండా ఉండటానికి మొదట్లో అచ్చు పోసిన ప్లాస్టిక్ తొట్టెను తెచ్చి లోపల దించేవారు. 1980లలో టెక్సకో కంపెనీ రసాయన విభాగం పాలీయూరియా అనే పూతను అభివృద్ధి చేసింది. 1988లో రైనో లైనింగ్స్, 1993లో లైన్-ఎక్స్ కంపెనీలు మొదలై తొట్టికి పూత కొట్టే పనిని పెద్ద వ్యాపారంగా మార్చాయి. మన దగ్గర తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016లో ఇసుజు ఫ్యాక్టరీ మొదలై డి-మాక్స్ బండ్లు తయారయ్యాయి. 2022లో టయోటా హైలక్స్ మన మార్కెట్లోకి వచ్చింది. వాటి వెంట లైనర్ మాట కూడా మనవాళ్ల నోట ఎక్కువగా వినిపిస్తోంది.

పని చేసే తీరు సులువుగానే అర్థమవుతుంది. రెండు పీపాల్లో రెండు ద్రవాలుంటాయి. ఒకటి ఐసోసైనేట్ అనే రసాయనం. రెండోది దాన్ని గట్టిపరిచే రెజిను. రెండింటినీ వేడిచేసి, గట్టి ఒత్తిడితో ఒకే గన్ లోంచి చిమ్ముతారు. గన్ మూతి దగ్గరే రెండూ కలుస్తాయి. పాలీయూరియా అయితే రేకు మీద పడిన కొన్ని సెకన్లలోనే గట్టిపడుతుంది. పాలీయూరెథేన్ కాస్త నిదానం. రంగు పూత మందం మిల్లీమీటరులో చిన్న భాగమే. ఇది రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. అతుకు లేని దళసరి రబ్బరు చర్మంలాగా రేకుని పట్టుకుని ఉంటుంది. ఇటుక పడినా పెచ్చు ఊడదు. సామాను జారదు. నీళ్లతో కడిగేస్తే శుభ్రం.

వినడానికి బాగుంది కదా! మరి ఇబ్బంది ఎక్కడ?

పూత కింద ఏముంది?

ఇనుముకి నీరు, గాలి రెండూ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పులాంటివి తోడైతే ఆ పని ఇంకా వేగంగా సాగుతుంది. మనం తోలే పొటాష్ ఎరువు రసాయనికంగా ఉప్పుకి చుట్టమే... పొటాషియం క్లోరైడ్. యూరియా గాల్లో తేమని పీల్చుకుంటుంది. చిరిగిన బస్తాలోంచి రాలిన గుళికలు తొట్టి మూలల్లో, మడతల్లో చేరి, రాత్రి మంచుకి కరిగి, పెయింటు చిట్లిన చోటల్లా లోపలికి దిగుతాయి. ఇనుము కంటే తుప్పుకి చోటు ఎక్కువ కావాలి. అందుకే అది ఉబ్బుతుంది. ఉబ్బి పక్కనున్న మంచి పెయింటుని కూడా లేపేస్తుంది.

ఇప్పటికే ఇలా ఉబ్బిన తొట్టి మీద లైనర్ కొట్టించారనుకోండి. పైకి నల్లగా, నిగనిగలాడుతూ కొత్త బండిలా కనిపిస్తుంది. కానీ పూత పట్టుకున్నది ఇనుముని కాదు, తుప్పుని. తుప్పు పొరలుగా ఊడుతుంది. దాంతోపాటే లైనరూ లేస్తుంది. లేచిన సందులోకి నీళ్లు వెళతాయి. పైన దళసరి కప్పు ఉంది కాబట్టి ఆ తడి ఆరదు. మామూలు తొట్టిలో అయితే కంటికి కనబడే చిల్లు, ఇక్కడ కనబడకుండా పెద్దదవుతుంది. పెద్దవాళ్లు అన్నది ఇందుకే... పైన పటారం, లోన లొటారం!

అందుకే స్ప్రే లైనర్ కొత్త బండికి చేసే మేలు పాతబండికి చేయదు. పాతబండికి ముందు కావలసింది పూత కాదు, టింకరింగు. పాడైన రేకు కోయించాలి. కొత్త ముక్క వెల్డింగు పెట్టించాలి. మిగతా తుప్పంతా ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకించి ప్రైమరు కొట్టించాలి. ఆ ఖర్చు పెట్టాక కూడా బండిలో ఇంకా నాలుగైదేళ్ల పని మిగిలి ఉందనుకుంటే అప్పుడు లైనర్ గురించి ఆలోచించవచ్చు. రెండేళ్లలో అమ్మేసే బండికి రెడ్ ఆక్సైడు, పైన ఎనామిల్ పెయింటు, ఒక రబ్బరు మ్యాటు చాలు.

బరువు లెక్క

లైనరొక్కటే దారి కాదు. రబ్బరు మ్యాటు పరచవచ్చు. ప్లైవుడ్ వేయించవచ్చు. ఇనుప రేకు మీద ఇంకో ఇనుప రేకు వేయించవచ్చు. అల్యూమినియం గళ్ల రేకు బిగించవచ్చు. వీటిని పోల్చేటప్పుడు ధర ఒక్కటే చూడటం మామూలు. బరువు కూడా చూడాలి. ఎందుకంటే బండికి అదనంగా చేర్చే ప్రతి కిలో... మీరు తోలే సరుకులోంచే పోతుంది.

లెక్క కోసం తొమ్మిది అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు ఉన్న తొట్టి తీసుకుందాం. నేల దాదాపు 50 చదరపు అడుగులు. చుట్టూ గోడల ఎత్తు 16 అంగుళాలు అనుకుంటే అవి ఇంకో 38. మొత్తం 88 చదరపు అడుగులు. నేల మడతలుగా ఉంటే ఇంకాస్త పెరుగుతుంది.

ఈ మొత్తానికీ రెండు మిల్లీమీటర్ల మందం లైనర్ కొడితే పడే పదార్థం 16 లీటర్ల పైచిలుకు. బరువు 17 కిలోల చుట్టుపక్కల. మూడు మిల్లీమీటర్లు కొట్టినా 27 కిలోలు దాటదు. నేలకి మాత్రమే ఆరు మిల్లీమీటర్ల రబ్బరు మ్యాటు పరిస్తే దాదాపు 40 కిలోలు. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్డూ అంతే. మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు 37 కిలోలు. అదే మందం ఇనుప రేకు అయితే 108 కిలోలు!

ఆ 108 కిలోలంటే రెండున్నర మిర్చి టిక్కీలు. ఏడాదికి 200 ట్రిప్పులు వేసే బండి, ఆర్‌సీలో రాసిన బరువుకి కట్టుబడి తోలితే, ఏడాదికి 500 టిక్కీల కిరాయి ఆ రేకు తినేసినట్టే. బరువుకి కట్టుబడకుండా తోలితే ఆ భారం బ్రేకుల మీద, స్ప్రింగుల మీద పడుతుంది. బరువు విషయంలో స్ప్రే లైనర్‌దే పైచేయి.

ఏ సరుకుకి ఏది?

ఎద్దుబండి రోజుల్లో మనవాళ్లకి ఈ జ్ఞానం ఉండేది. ధాన్యం తోలాలంటే బండిలో గడ్డి పరిచి పైన పట్టా వేసేవారు. పెంట తోలాలంటే వెదురు తడకలు కట్టేవారు. సరుకుని బట్టి బండి ఒళ్లు మారేది. ఇప్పుడూ అంతే... ముందు మీ సరుకేమిటో చూసుకోండి.

మిర్చి, పత్తి, పప్పులు: వీటికి శత్రువు తడి. అడుగు బస్తా చెమ్మెక్కితే కాయ రంగు పోతుంది, బూజు పడుతుంది, యార్డులో ధర తెగుతుంది. లైనర్ వేసినంత మాత్రాన నీళ్లు నిలవకుండా పోవు. తొట్టి అడుగున నీరు కారే రంధ్రాలు పూతతో పూడిపోకుండా చూసుకోవాలి. పని అయ్యాక ఒక బిందెడు నీళ్లు పోసి చూడండి. ఎక్కడా మడుగు కట్టకూడదు. మరో సంగతి. లైనర్ పైభాగం ఎంత గరుకుగా ఉంటే సామాను అంత జారదు. కానీ బస్తాలు ఈడ్చే ముఠా కూలీలకు అంత కష్టం. గోనె అడుగు కూడా చిరుగుతుంది. బస్తాలు తోలేవారు మరీ ముళ్లలాంటి గరుకు కాకుండా సన్న గరుకు అడగాలి.

ఎరువులు, పాల క్యాన్లు, మంచు పెట్టెల్లో చేపలు: ఉప్పు, తడి రోజూ తగిలే పని ఇది. స్ప్రే లైనర్ తన ఖరీదుకి తగ్గ మేలు ఎక్కువగా చేసేది ఇక్కడే. అతుకులు లేవు కాబట్టి మూలల్లో ఏదీ ఇరుక్కోదు. సాయంత్రం పైపు పెట్టి కడిగేయవచ్చు.

సున్నం: పిడుగురాళ్ల సున్నం తోలేవారికి ఒక హెచ్చరిక. సున్నం ఇనుముని అంతగా తినదు కానీ అల్యూమినియాన్ని తినేస్తుంది. తడి తగిలితే ఇంకా త్వరగా. సున్నం తోలే బండికి అల్యూమినియం గళ్ల రేకు వద్దు. పైగా కాల్చిన సున్నానికి నీళ్లు తగిలితే సెగలు కక్కుతుందని తెలిసిందే. ఏ రక్షణ వేయించినా తడి తొట్టిలో సున్నం పోయకండి.

నాపరాళ్లు, కంకర, ఇనుప చువ్వలు: రాయి పడే దెబ్బకి లైనర్ కొంత ఆగుతుంది. కానీ పదునైన నాపరాయి అంచుని ఈడిస్తే కోసుకుపోతుంది. రోజూ ఇదే పనైతే మందపాటి ఇనుప రేకే మేలు. బరువు పోయినా పర్వాలేదు. అప్పుడప్పుడే అయితే లైనర్ మీద పాత రబ్బరు మ్యాటు పరిచి తోలండి.

ఇక విడిగా దించే ప్లాస్టిక్ తొట్టె. బిగించడం తేలిక, తీయడం తేలిక. అయితే దానికీ రేకుకీ మధ్య ఇసుక, నీళ్లు చేరతాయి. బండి కదిలినప్పుడల్లా ఆ ఇసుక పెయింటుని అరగదీస్తుంది. మ్యాటుకీ ఈ జబ్బు ఉంది. కాకపోతే మ్యాటుని వారానికోసారి ఎత్తి ఆరబెట్టవచ్చు. ఎత్తే ఓపిక ఉంటే మ్యాటు అంత చవకైన రక్షణ మరోటి లేదు. ఎత్తకపోతే అంత పెద్ద మోసం మరోటి లేదు!

మందూ, తిండీ ఒకే తొట్టిలో...

ఇది కుటుంబాలు అందరికంటే ఎక్కువగా ఆలోచించాల్సిన విషయం. మొదట్లో చెప్పుకున్న ఆదివారం జాబితా గుర్తుందా? పురుగుమందు డబ్బాలు, పక్కనే కూరగాయలు.

1958లో కేరళలో గోధుమపిండితో చేసిన పదార్థాలు తిని వందమందికి పైగా చనిపోయారు. పిండిలో పురుగు లేదు, కల్తీ లేదు. అదే ఓడలో వచ్చిన పారాథియాన్ అనే పురుగుమందు కారి పిండి బస్తాలకి అంటుకుంది. మన దేశంలో పురుగుమందుల వల్ల జరిగిన పెద్ద ప్రమాదాల్లో మొదటిదిగా దాన్నే చెబుతారు. ఓడలో జరిగింది చిన్నబండిలో జరగదనేమీ లేదు.

తుప్పు పట్టి పెచ్చులు లేచిన రేకు, నూనె పీల్చిన ప్లైవుడ్... ఈ రెండూ కారిన మందుని దాచుకుంటాయి. ఎంత కడిగినా పూర్తిగా పోదు. అతుకులేని లైనర్ మీద అయితే కారింది కంటికి కనబడుతుంది, కడిగితే చాలావరకు పోతుంది. 'చాలావరకు' అన్న మాట గమనించండి. గరుకు సందుల్లో కొంత మిగలవచ్చు. కాబట్టి లైనర్ ఉన్నా లేకున్నా మందు డబ్బాలకి మూతున్న ప్లాస్టిక్ ట్రే విడిగా పెట్టుకోండి. తిండి సరుకు వేసే రోజు శుభ్రమైన పట్టా పరవండి. ఆ పట్టాని మందుల రోజు వాడకండి.

షాపులో అడగాల్సినవి

లైనర్ పని మంచిదో కాదో తేల్చేది డబ్బా మీద పేరు కంటే, కొట్టే ముందు జరిగే పని. ఆ పని మీరు కళ్లారా చూడాలి. బండి అప్పగించి సాయంత్రం రావద్దు. ఒక పూట అక్కడే ఉండండి.

మొదటిది, గీకుడు. కొత్త బండి పెయింటు నున్నగా ఉంటుంది. నున్నటి దాని మీద లైనర్ పట్టదు. తొట్టి అంతా గ్రైండరుతోనో ఎమరీ కాగితంతోనో మెరుపు పోయేదాకా రుద్దాలి. మూలలు, మడతల లోపల కూడా. చాలాచోట్ల పూత లేచేది మూలల దగ్గరే. తర్వాత దుమ్ము, నూనె జిడ్డు లేకుండా తుడవాలి. ప్రైమరు కొట్టాలి.

రెండోది, తేమ. వానపడుతున్నప్పుడు, తెల్లవారుజామున రేకు చెమర్చి ఉన్నప్పుడు ఈ పని చేయించకూడదు. ఐసోసైనేట్‌కి నీళ్లు తగిలితే గ్యాసు పుట్టి పూతలో బుడగలు వస్తాయి. మిరప కోతలు జోరందుకోకముందు, చలి తగ్గుతున్న పొడి రోజుల్లో చేయించుకుంటే బండికీ ఖాళీ ఉంటుంది, పూతకీ మంచిది.

మూడోది, మందం. 'దళసరిగా కొట్టాం' అంటే సరిపోదు. ఇనుము మీద పూత మందాన్ని కొలిచే చిన్న అయస్కాంత మీటర్లు ఉన్నాయి. నేల మీద అయిదుచోట్ల, గోడల మీద నాలుగుచోట్ల పెట్టి చూపించమనండి. బిల్లు మీద ఆ అంకెలు రాయించుకోండి. మాటిచ్చింది మూడు మిల్లీమీటర్లు, కొట్టింది ఒకటి అయితే ఖర్చులో లాభం ఎవరిదో చెప్పనక్కర్లేదు.

నాలుగోది, రంగు. ఎండల మాట వస్తే మొదట వినిపించే పేరు మన పల్నాడులోని రెంటచింతలదే. అంత ఎండలో మామూలు నల్ల లైనర్ కొన్నాళ్లకి వెలిసి బూడిదరంగుకి తిరుగుతుంది. దాని బలం ఒక్కసారిగా పోదు కానీ చూడటానికి బాగోదు. ఎండని తట్టుకునే 'ఆలిఫాటిక్' రకం పైపూత ఉంటుంది. ఖరీదెక్కువ. కిరాయి బండికి దాని అవసరం అంతగా లేదు. వేసవి మధ్యాహ్నం నల్ల తొట్టి మీద ఉత్తకాళ్లతో నిలబడలేమన్నది మాత్రం గుర్తుంచుకోండి. లేత బూడిదరంగు దొరికితే కూలీల కాళ్లు మీకు దీవెనలు పెడతాయి.

అయిదోది, అసలు అది లైనరేనా? కారు అడుగున కొట్టే తారులాంటి నల్ల పూత వేరు, ఇది వేరు. ఆ తారు పూత ఎండకి మెత్తబడుతుంది. తేడా కనిపెట్టడం తేలిక. నమూనా ముక్క అడగండి. గుడ్డకి డీజిలు తడిపి గట్టిగా రుద్దండి. గుడ్డకి నల్లగా అంటుకుంటూ జిగురు తేలితే అది తారు. గట్టిపడిన పాలీయూరియా అలా కరగదు.

ఆరోది, ధర. మాట ఎప్పుడూ చదరపు అడుగు లెక్కన అడగండి. గీకుడు, ప్రైమరు, గోడలు అందులో కలిసి ఉన్నాయో లేదో తేల్చుకోండి. మొత్తాన్ని మీరు ఆ బండి ఉంచుకోబోయే ఏళ్లతో భాగించండి. వచ్చిన అంకెను, ఏడాదికోసారి పెయింటుకీ, రెండేళ్లకోసారి మ్యాటుకీ అయ్యే ఖర్చుతో పోల్చండి. అప్పుడు ఏది చవకో, ఏది ఖరీదో తెలుస్తుంది. గ్యారంటీ కాగితంలో 'కింది నుంచి వచ్చే తుప్పుకి వర్తించదు' అనే మాట ఉందేమో చూడండి. ఉంటే, ముందు జరగాల్సిన గీకుడు పని ఎంత ముఖ్యమో మీకే అర్థమవుతుంది.

ప్రాణాల మాట మూడు

ఐసోసైనేట్ అన్న పేరు వినగానే భోపాల్ గుర్తుకొచ్చి ఉండవచ్చు. 1984లో అక్కడ లీకైంది మిథైల్ ఐసోసైనేట్. చాలా తేలిగ్గా ఆవిరయ్యే విషం. లైనర్లో వాడేది ఆ కుటుంబంలోనిదే కానీ వేరే రసాయనం, అంత తేలిగ్గా ఆవిరి కాదు. గట్టిపడిన పూతతో ఇబ్బంది లేదు. కానీ చిమ్ముతున్నప్పుడు సన్నని తుంపరగా ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఒకసారి పడకపోతే జీవితాంతం ఆస్తమా వెంటపడవచ్చు. కొట్టే కుర్రాడికి బయటి గాలి పైపు ద్వారా అందే మాస్కు ఉందా? ముక్కుకి జేబురుమాలు కట్టుకుని కొడుతుంటే ఆ షాపు వదిలేయండి. తన పనివాడి ఊపిరి లెక్కచేయనివాడు మీ బండి తొట్టిని లెక్కచేస్తాడా? పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లవద్దు.

రెండోది పెట్రోలు. స్ప్రేయర్ల కోసం డబ్బాల్లో పెట్రోలు పట్టించడం మామూలే. ప్లాస్టిక్ తొట్టె మీదున్న డబ్బాలోకి పెట్రోలు పోస్తుంటే డబ్బాలో పుట్టే విద్యుత్తు నేలలోకి దిగే దారి ఉండదు. చిన్న నిప్పురవ్వ చాలు. ఇలా మంటలు లేచిన సంఘటనలు చూశాకే అమెరికాలో పనివాళ్ల భద్రతను చూసే నియోష్ సంస్థ 1998లో హెచ్చరిక జారీ చేసింది. లైనర్, మ్యాటు, ప్లాస్టిక్... తొట్టిలో ఏది ఉన్నా డబ్బాని కిందికి దించి నేల మీద పెట్టాకే పోయించుకోండి.

మూడోది వెల్డింగు. రేపెప్పుడో డోరు విరిగితే ఆటోనగర్‌కి తీసుకెళతారు. లైనర్ ఉన్నచోట వెల్డింగు పెడితే అది కాలి విషపు పొగ వస్తుంది. ముందు ఆ మేర పూత గీకేయమని వెల్డరుకి మీరే చెప్పాలి. అతనికి తెలియకపోవచ్చు.

ఇంకో మాట కూడా. మెత్తగా, శుభ్రంగా ఉంది కదా అని తొట్టిలో మనుషుల్ని ఎక్కించవద్దు. లైనర్ జారకుండా ఆపేది బస్తాలని. పల్టీ కొట్టే బండిలో మనుషుల్ని ఆపేది ఏదీ తొట్టిలో లేదు.

సెకండ్ హ్యాండా? కింద పడుకోండి!

పాత బండి బేరానికి వెళ్లినప్పుడు తొట్టి నల్లగా తళతళలాడుతుంటే సంతోషించకండి, అనుమానించండి. పాత బండికి కొత్త లైనర్ ఎందుకు వేయించినట్టు? మంచికే అయి ఉండవచ్చు. చిల్లులు కప్పడానికీ అయి ఉండవచ్చు. తేల్చుకునే దారి ఒకటే... ఒక గోనెపట్టా పరుచుకుని బండి కింద పడుకుని టార్చి వేసి చూడండి. లైనర్ పైవైపే కొడతారు. కిందివైపు రేకు నిజం చెబుతుంది. తర్వాత పైన అరచేతి వెడల్పుకోసారి వేలి కణుపుతో కొట్టి వినండి. రేకుని పట్టుకున్న చోట గట్టి చప్పుడు. లేచిన చోట బోలు చప్పుడు. పుచ్చకాయ కొనేవాళ్లకి ఈ విద్య కొత్తేమీ కాదు.

ఎనిమిదేళ్లలోపు కిరాయి బండికి ఎఫ్‌సీ రెండేళ్లకోసారి. ఎనిమిదేళ్లు దాటితే ఏటేటా. బండి ముసలిదయ్యేకొద్దీ తొట్టి బాగోగులు చూపించుకోవలసిన రోజులు దగ్గర దగ్గరగా వస్తాయి. కాబట్టి కొనే ముందు పదినిమిషాలు కింద పడుకోవడంలో నామోషీ లేదు.

చివరికి తేలేదేమిటంటే...

బండి కొత్తది, అయిదారేళ్లు మీ దగ్గరే ఉంటుంది, ఎరువులు, పాలు, బస్తాలు, కూరగాయలు అన్నీ తోలుతారు... స్ప్రే లైనర్ వేయించండి. మొదటి గీత పడకముందే వేయిస్తే ఇంకా మంచిది. బండి కొత్తదే కానీ చేతిలో డబ్బు లేదు... మ్యాటు కొనండి, వారానికోసారి ఎత్తి ఆరబెట్టండి. రోజూ రాయే తోలుతారు... ఇనుప రేకు వేయించండి. బండి పాతది, తుప్పు మొదలైంది... ముందు టింకరింగు, తర్వాతే మిగతావన్నీ.

వీటిలో ఏది ఎంచుకున్నా ఒక పని మాత్రం తప్పదు. దానికి కంపెనీ లేదు, గ్యారంటీ కాగితం లేదు, ఖర్చూ లేదు. సాయంత్రం సరుకు దించాక చీపురు పట్టుకుని తొట్టి ఊడ్చి, రెండు బకెట్ల నీళ్లు కొట్టి, డోర్లు తెరిచి ఆరనివ్వడం. పశువుల్ని కడిగి కట్టేసిన తర్వాతే అన్నానికి కూర్చున్న ఇళ్లు మనవి. వాయిదాలు కట్టిపెడుతున్న బండికి ఆ మాత్రం సేవ చేయలేమా?